బిజినెస్ స్కూల్ పరిశోధక విద్యార్థుల, పూర్వవిద్యార్థుల విజయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బిజినెస్ స్కూళ్లు తమ పీహెచ్‌డీ విద్యార్థులు, పూర్వవిద్యార్థులు సాధించినవాటిని ఏటా ప్రకటిస్తుంటాయి. ఫలానా జర్నల్‌లో పేపర్ అంగీకారం పొందిందనో, ఫలానా సంఘం సిద్ధాంత వ్యాసానికి బహుమతి ఇచ్చిందనో ఒక్క వాక్యంలో ముగిసే ఆ ప్రకటనలు లోపలివాళ్లకు అర్థమైనంత తేలికగా బయటివాళ్లకు అర్థం కావు. దరఖాస్తు చేయాలనుకునేవారు, కొత్తగా చేరినవారు, వారి ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

బిజినెస్ స్కూల్లో పీహెచ్‌డీ అంటే ఎంబీఏకి పైమెట్టా?

కాదు. ఎంబీఏ సంస్థలను నడపడానికి సిద్ధం చేసే చదువు. పీహెచ్‌డీ పరిశోధకులను తయారుచేసే శిక్షణ. గణితం, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, ఇంజినీరింగ్ చదివినవారు ఎంబీఏ లేకుండానే ఇందులో చేరుతుంటారు. మొదట రెండేళ్లు కోర్సులు, ఆపైన అర్హత పరీక్ష, పరిశోధన ప్రతిపాదన, సిద్ధాంత వ్యాసం, చివర వైవా ఉంటాయి. అంతా కలిపి సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్లు పడుతుంది.

ఈ చదువుకు వందేళ్ల చరిత్ర ఉంది. వ్యాపార విషయాలలో పీహెచ్‌డీ కార్యక్రమాన్ని షికాగో విశ్వవిద్యాలయం 1920లో మొదలుపెట్టింది. 1929లో అక్కడే ఉర్సులా బాచెల్డర్ స్టోన్ ఈ పట్టా పొందిన తొలి మహిళ అయ్యారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ చాలా దశాబ్దాలు ఇదే స్థాయి పరిశోధన పట్టాను డీబీఏ (డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్) పేరుతో ఇచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ చదివే నేటి డీబీఏ కోర్సులు చాలావరకు వేరే రకానివి కనుక పాత పట్టాల పేర్లు చూసి పొరబడకూడదు.

ఒక పేపర్ ప్రచురణ కావడం అంత పెద్ద వార్త ఎందుకు అవుతుంది?

ఒక పేపర్ వెనుక ఎంత కాలం గడిచిందో బయటికి కనబడదు కాబట్టి ఈ ప్రశ్న సహజమే. విద్యార్థి రెండో ఏట ఒక ఆలోచనతో పని ప్రారంభిస్తాడనుకుందాం. డేటా సేకరించి, విశ్లేషించి, చిత్తుప్రతి రాసి, సెమినార్లలో వినిపించి, అక్కడ వచ్చిన అభ్యంతరాలకు జవాబులు వెతికి జర్నల్‌కు పంపేసరికి రెండేళ్లు దాటిపోతాయి. అక్కడ సంపాదకుడు పేపర్‌ను చూసి, చాలా సందర్భాలలో సమీక్షకులకు పంపకుండానే తిప్పి పంపుతాడు. సమీక్షకు వెళ్లిన పేపర్‌కు నెలల తరబడి ఎదురుచూశాక రెండు మూడు నివేదికలు వస్తాయి. వాటికి విద్యార్థి రాసే సమాధాన పత్రం ఒక్కోసారి అసలు పేపర్ కంటే పొడవుగా ఉంటుంది. ఇలా రెండు మూడు విడతలు గడిస్తే తప్ప అంగీకారం రాదు. పేరున్న జర్నళ్లలో పంపిన పేపర్లలో పదింట ఒకటి కూడా నిలవదు.

అందువల్ల ఈ ఏడాది వార్తగా వచ్చిన ప్రచురణ నిజానికి నాలుగైదేళ్ల కిందటి పని. వార్త తేదీకీ పని తేదీకీ మధ్య ఉన్న ఈ దూరాన్ని గుర్తుపెట్టుకుంటే మిగిలిన ప్రకటనలు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

ఏ జర్నళ్లను అగ్రశ్రేణిగా పరిగణిస్తారు? ఎవరు నిర్ణయిస్తారు?

ఎక్కువగా వినిపించేవి రెండు జాబితాలు. ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక బిజినెస్ స్కూళ్ల ర్యాంకుల కోసం వాడే జాబితాలో 50 జర్నళ్లు ఉన్నాయి. 2016కు ముందు అవి 45 ఉండేవి. డల్లస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం నిర్వహించే జాబితా ఇంకా ఇరుకైనది, అందులో 24 మాత్రమే ఉంటాయి. ఫైనాన్స్‌లో జర్నల్ ఆఫ్ ఫైనాన్స్, అకౌంటింగ్‌లో జర్నల్ ఆఫ్ అకౌంటింగ్ రీసెర్చ్, మార్కెటింగ్‌లో మార్కెటింగ్ సైన్స్, మేనేజ్‌మెంట్‌లో అడ్మినిస్ట్రేటివ్ సైన్స్ క్వార్టర్లీ వంటివి రెండింటిలోనూ ఉన్నాయి.

జాబితాలు సౌకర్యమే కానీ వాటికి మించిన గౌరవం ఇవ్వడం మంచిది కాదని మా అభిప్రాయం. జాబితాలో లేని జర్నల్‌లో వచ్చిన మంచి పేపర్‌ను ఆ రంగంలోవాళ్లు ఎలాగూ చదువుతారు. జాబితాలో ఉన్నదనే కారణంతో చదివించే శక్తి ఏ పేపర్‌కూ రాదు.

“సమీక్షలో ఉంది”, “సవరించి పంపమన్నారు”, “అంగీకరించారు” అనే మాటల మధ్య తేడా ఏమిటి?

చాలా తేడా ఉంది. సమీక్షలో ఉందంటే పంపారని మాత్రమే అర్థం. పంపడం ఎవరైనా చేయవచ్చు కాబట్టి దాన్ని విజయంగా ప్రకటించడం సరికాదు. సవరించి మళ్లీ పంపమని సంపాదకుడు కోరితే, పరిశోధకులు వాడుకలో ఆర్ అండ్ ఆర్ అనుకునే ఆ దశ నిజమైన ముందడుగు. ఉద్యోగ దరఖాస్తులో జర్నల్ పేరుతో సహా దాన్ని రాసుకోవచ్చు. షరతులతో అంగీకారం అంటే చిన్న మార్పులే మిగిలాయని భావం. తుది అంగీకారం వచ్చాక కూడా ముద్రిత సంచికలో చోటు దొరకడానికి ఏడాది పట్టవచ్చు కనుక, ఒకే పేపర్ మొదట అంగీకారంగా ఒక ఏడాది జాబితాలోనూ, ప్రచురణగా మరుసటి ఏడాది జాబితాలోనూ కనిపిస్తే అవి రెండు విజయాలని లెక్కపెట్టకూడదు.

ఒకసారి తిరస్కరణకు గురైన పేపర్ విలువ తగ్గినట్టేనా?

తగ్గదు. అకౌంటింగ్ రంగంలో దీనికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. రే బాల్, ఫిలిప్ బ్రౌన్ షికాగోలో పరిశోధక విద్యార్థులుగా ఉన్న రోజులలో, సంస్థలు ప్రకటించే వార్షిక లాభాలకూ వాటి షేర్ల ధరలకూ మధ్య సంబంధాన్ని పరిశీలించారు. ప్రకటన వెలువడే సమయానికే అందులోని సమాచారంలో అధిక భాగం ధరలో చేరిపోయి ఉంటుందని చూపారు. ఆ పేపర్‌ను మొదట అకౌంటింగ్ రివ్యూకు పంపితే, అది అసలు అకౌంటింగ్ పేపరే కాదన్న ధోరణిలో తిరిగి వచ్చింది. 1968లో జర్నల్ ఆఫ్ అకౌంటింగ్ రీసెర్చ్ దాన్ని ప్రచురించింది. తర్వాత అమెరికన్ అకౌంటింగ్ అసోసియేషన్ ఆ రంగంలో మౌలికమైన రచనలకు ఒక పురస్కారం నెలకొల్పి, 1986లో మొట్టమొదటిసారి దాన్ని ఈ పేపర్‌కే ఇచ్చింది. తిరస్కరించిన అకౌంటింగ్ రివ్యూ కూడా ఆ సంఘం నడిపే పత్రికే.

పేపర్‌లో ప్రొఫెసర్ పేరు ముందుంది. అంటే విద్యార్థి చేసింది తక్కువా?

రంగాన్ని బట్టి చెప్పాలి. ఫైనాన్స్, అకౌంటింగ్, ఆర్థికశాస్త్రాలలో పేర్లను అక్షరక్రమంలో వేయడం రివాజు కాబట్టి వరుసను చూసి ఏమీ తేల్చలేము. మేనేజ్‌మెంట్, మార్కెటింగ్ వంటి చోట్ల ఎక్కువ పని చేసినవారి పేరు సాధారణంగా ముందు వస్తుంది. విద్యార్థి ఒక్కడే రాసిన పేపర్‌కు మాత్రం అన్ని రంగాలలోనూ ప్రత్యేకమైన గౌరవం ఉంది.

సిద్ధాంత వ్యాసానికి ఇచ్చే పురస్కారాలు అన్నీ ఒకటేనా?

ఒకటి కావు, అవి వేర్వేరు దశలకు చెందినవి. మార్కెటింగ్‌ను తీసుకుంటే ఇది స్పష్టంగా కనబడుతుంది. మార్కెటింగ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆల్డెన్ క్లేటన్ పేరిట జరిపే పోటీ ఇంకా పూర్తికాని పరిశోధన ప్రతిపాదనకు. అమెరికన్ మార్కెటింగ్ అసోసియేషన్ జాన్ హోవర్డ్ పేరిట ఇచ్చేది పూర్తయిన సిద్ధాంత వ్యాసానికి. గణిత పద్ధతులతో నిర్ణయాలను అధ్యయనం చేసే పరిశోధకుల సంఘమైన ఇన్ఫార్మ్స్ సంస్థకు చెందిన మార్కెటింగ్ సైన్స్ విభాగం ఫ్రాంక్ బాస్ పేరిట ఇచ్చేది, సిద్ధాంత వ్యాసం నుంచి పుట్టి ఆ సంస్థ జర్నళ్లలో అచ్చయిన పేపర్‌కు. ఒకే పరిశోధన ఈ మూడు మెట్లలోనూ గుర్తింపు పొందే అవకాశం ఉంది. మొదటిది ఆలోచనకు దక్కే మెప్పు, రెండోది దాన్ని పూర్తిచేసినందుకు. మూడోది వచ్చేనాటికి ఆ విద్యార్థి బహుశా ఎక్కడో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పాఠాలు చెబుతూ ఉంటాడు కనుక, ఆ వార్త విద్యార్థుల పట్టికలో కాక పూర్వవిద్యార్థుల పట్టికలో చేరుతుంది.

ఆపరేషన్స్ రీసెర్చ్, మేనేజ్‌మెంట్ సైన్స్ రంగాలలో ఇన్ఫార్మ్స్ ఇచ్చే జార్జ్ డాంజిగ్ పురస్కారానికి చాలా పేరుంది. అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో ఒక్కో విభాగం తన సొంత సిద్ధాంత వ్యాస పురస్కారాలను ఇస్తుంది.

డాక్టరల్ కన్సార్షియంకు (పరిశోధక విద్యార్థుల కోసం జరిపే సదస్సుకు) ఎంపిక కావడం కూడా విజయమేనా?

అవును, అయితే అది పోటీలో గెలుపు కాదు, స్కూలు తన తరఫున పంపిన గౌరవం. మార్కెటింగ్‌లో అమెరికన్ మార్కెటింగ్ అసోసియేషన్, సేఠ్ ఫౌండేషన్ కలిసి జరిపే కన్సార్షియం, అకౌంటింగ్‌లో డెలాయిట్ ఫౌండేషన్ సహకారంతో మైఖేల్ కుక్ పేరిట జరిగేది ఎక్కువగా వినబడతాయి. ఒక్కో స్కూలు నుంచి కొద్దిమందినే, చాలాసార్లు ఒక్కరినే నామినేట్ చేస్తారు. అక్కడ ఆ తరం పరిశోధకులు ఒకరికొకరు పరిచయమవుతారు. తర్వాతి ఇరవై ఏళ్లలో వాళ్లే ఒకరి పేపర్లను ఒకరు సమీక్షించుకునేది, వాళ్లే సహ రచయితలు అయ్యేది.

ఉద్యోగం రావడాన్ని ఎందుకు ఇంత ప్రముఖంగా ప్రకటిస్తారు?

పీహెచ్‌డీ కార్యక్రమం నాణ్యతకు ఉద్యోగాలే బలమైన కొలమానమని ఈ రంగంలో అందరూ ఒప్పుకుంటారు. జర్నల్ సమీక్షకులు పేపర్‌ను మాత్రమే చూస్తారు. నియామక కమిటీ మాత్రం మనిషిని చూస్తుంది, గంటన్నర సేపు సెమినార్‌లో ప్రశ్నలు వేస్తుంది, ఒక రోజంతా ఒక్కో ప్రొఫెసర్‌తో విడివిడిగా మాట్లాడిస్తుంది. ఈ దశలో అభ్యర్థి వెంట తీసుకెళ్లే ప్రధాన పరిశోధనను జాబ్ మార్కెట్ పేపర్ అంటారు. చివరి ఏడాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

రంగాన్ని బట్టి క్యాలెండర్ మారుతుంది. మార్కెటింగ్, మేనేజ్‌మెంట్ అభ్యర్థులకు ఆగస్టు సదస్సులతో హడావుడి మొదలవుతుంది. ఫైనాన్స్‌వారికి జనవరి మొదట్లో అమెరికన్ ఫైనాన్స్ అసోసియేషన్ సమావేశాల కాలం ముఖ్యం. తొలి ఇంటర్వ్యూలు ఇప్పుడు ఎక్కువగా వీడియో కాల్‌లోనే జరుగుతున్నాయి. కొత్త ఉద్యోగంలో చేరాక సుమారు ఆరేడేళ్లకు టెన్యూర్ (శాశ్వత పదవి) నిర్ణయం వస్తుంది. ఆ కబురు పూర్వవిద్యార్థుల వార్తలలో ఒక్క లైనుగా కనిపించినా, ఆ మనిషి వృత్తి జీవితంలో దానికంటే బరువైన కబురు మరొకటి ఉండదు.

సిద్ధాంత వ్యాసమే ఒక రంగాన్ని మార్చిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. యూజీన్ ఫామా 1964లో షికాగోలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. డౌ జోన్స్ సూచీలోని 30 షేర్ల రోజువారీ ధరలను పరిశీలించిన ఆ సిద్ధాంత వ్యాసం మరుసటి ఏడాది జర్నల్ ఆఫ్ బిజినెస్‌లో అచ్చయింది. మార్కెట్ సామర్థ్యంపై, అంటే అందుబాటులో ఉన్న సమాచారం షేర్ల ధరలలో అప్పటికే చేరిపోయి ఉంటుందన్న వాదంపై, తర్వాత జరిగిన చర్చకు అదొక పునాది. దాదాపు అర్ధ శతాబ్దం గడిచాక, 2013లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆయన శిష్యుడు క్లిఫ్ ఆస్‌నెస్ కథ ఇంకా ఆసక్తికరం. ఇటీవల పెరిగిన షేర్లు మరికొంత కాలం పెరుగుతూనే ఉంటాయన్న ధోరణిని ఆయన తన పరిశోధనలో చూపదలచుకున్నారు. అది గురువు సిద్ధాంతానికి ఇబ్బంది కలిగించే ఫలితం. భయపడుతూనే వెళ్లి చెబితే, డేటాలో ఉంటే రాయమని ఫామా ప్రోత్సహించారని ఆస్‌నెస్ చాలాసార్లు చెప్పుకున్నారు. ఆస్‌నెస్ 1998లో ఏక్యూఆర్ అనే పెట్టుబడుల సంస్థను స్థాపించినవారిలో ఒకరు. గైడ్‌ను ఎంచుకునే విద్యార్థులు ర్యాంకుల పట్టికల కంటే ఇలాంటి సంగతులే ఎక్కువగా ఆరా తీయాలి.

క్లేటన్ క్రిస్టెన్సెన్ కంపెనీ నడిపిన అనుభవంతో ఆలస్యంగా పరిశోధనలోకి వచ్చి, నలభయ్యో ఏట, 1992లో హార్వర్డ్ నుంచి డీబీఏ పొందారు. కంప్యూటర్ డిస్క్ డ్రైవ్‌ల పరిశ్రమపై చేసిన ఆ అధ్యయనంలోనే, పెద్ద సంస్థలను చిన్న సంస్థలు చౌక సాంకేతికతతో ఎలా దెబ్బతీస్తాయన్న ఆయన వాదానికి మూలాలున్నాయి.

బిజినెస్ స్కూల్ పరిశోధకులకు నోబెల్ వస్తుందా? అది ఆర్థికశాస్త్ర విభాగాల సొత్తు కదా?

వస్తుంది. ఈ శతాబ్దంలో అందుకు చక్కని ఉదాహరణ స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూల్. బెంట్ హోల్మ్‌స్ట్రామ్ ఫిన్లాండ్‌లో ఆల్‌స్ట్రామ్ కంపెనీలో ప్రణాళికల ఉద్యోగం చేసి, అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్‌కు వచ్చి 1978లో పీహెచ్‌డీ పొందారు. ఉద్యోగి శ్రమ యజమానికి నేరుగా కనబడనప్పుడు జీతం, ప్రోత్సాహకాలు ఎలా ఉండాలన్న ఆయన పరిశోధనకు 2016లో ఆలివర్ హార్ట్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

హోల్మ్‌స్ట్రామ్ పట్టా పొందిన మరుసటి ఏడాది, 1979లో, అదే స్కూల్లో పాల్ మిల్‌గ్రామ్ వేలంపాటలపై పీహెచ్‌డీ ముగించారు. ఆయన అంతకుముందు బీమా గణకుడిగా పనిచేశారు, స్టాన్‌ఫర్డ్‌లో చేరింది ఎంబీఏ కోసం. ఆయనకు గైడ్ అయిన రాబర్ట్ విల్సన్ 1963లో హార్వర్డ్ నుంచి డీబీఏ పొందినవారు. వీరిద్దరి సిద్ధాంతం కాగితం మీదే ఆగిపోలేదు. 1994లో అమెరికా ప్రభుత్వం రేడియో తరంగాలను అమ్మడానికి వాడిన వేలం పద్ధతి రూపకల్పనలో ఇద్దరి పాత్ర ఉంది. ఒక్కో లైసెన్సును విడిగా కాకుండా అన్నిటినీ ఒకేసారి, అనేక విడతలుగా వేలం వేసే ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది.

2020 అక్టోబరు 12న వీరిద్దరికీ నోబెల్ ప్రకటించినప్పుడు కాలిఫోర్నియాలో అర్ధరాత్రి దాటింది. మిల్‌గ్రామ్ ఫోన్‌కు జవాబు రాకపోవడంతో, ఎదురింట్లో ఉండే విల్సన్, తన భార్యతో కలిసి వీధి దాటి వెళ్లి తలుపు తట్టారు. గుమ్మం దగ్గరి కెమెరాలో అదంతా రికార్డు అయింది. శిష్యుడికి ఆ కబురు చెప్పింది, అదే బహుమతిని పంచుకున్న గురువు. అప్పుడు స్టాక్‌హోమ్‌లో ఉన్న మిల్‌గ్రామ్ భార్య ఆ దృశ్యాన్ని తన ఫోన్‌లో చూశారు.

2012లో నోబెల్ పొందిన ఆల్విన్ రోత్‌కు కూడా విల్సనే గైడ్. అయితే రోత్ పీహెచ్‌డీ ఆపరేషన్స్ రీసెర్చ్ విభాగానిది కనుక, ఆయనను బిజినెస్ స్కూల్ లెక్కలో వేయడం సరికాదు. శిష్యులను లెక్కపెడితే మాత్రం విల్సన్‌కు హోల్మ్‌స్ట్రామ్, మిల్‌గ్రామ్, రోత్ అనే ముగ్గురు నోబెల్ గ్రహీతలున్నారు.

బోధన, పరిశోధనలకు బయట పూర్వవిద్యార్థులు ఏం చేస్తున్నారు?

రఘురామ్ రాజన్ 1991లో ఎంఐటీ స్లోన్ స్కూల్ నుంచి బ్యాంకింగ్‌పై వ్యాసాలతో పీహెచ్‌డీ పొందారు. నలభై ఏళ్లలోపు ఫైనాన్స్ పరిశోధకులకు ఇచ్చే ఫిషర్ బ్లాక్ బహుమతిని 2003లో మొదటిసారి అందుకున్నది ఆయనే. 2013 నుంచి 2016 వరకు భారతీయ రిజర్వ్ బ్యాంక్ గవర్నరుగా పనిచేశారు. అదే బ్యాంకుకు 2017లో డిప్యూటీ గవర్నరు అయిన విరల్ ఆచార్య న్యూయార్క్ విశ్వవిద్యాలయం స్టెర్న్ స్కూల్లో పీహెచ్‌డీ చేశారు.

స్కూళ్ల సారథ్యం మరో దారి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు 2010 నుంచి 2020 వరకు డీన్‌గా ఉన్న నితిన్ నోహ్రియా ఎంఐటీ స్లోన్ పూర్వవిద్యార్థి. 2021 జనవరిలో ఆ పదవి చేపట్టిన శ్రీకాంత్ దాతర్ స్టాన్‌ఫర్డ్‌లో వ్యాపార విషయాలలో పీహెచ్‌డీ చేశారు.

మధ్యలో మానేసినవారిని పూర్వవిద్యార్థులుగా లెక్కిస్తారా?

సాధారణంగా విజయాల జాబితాలో వారి పేర్లు ఉండవు. కానీ డేవిడ్ బూత్ షికాగోలో పీహెచ్‌డీలో చేరి, ఫామా దగ్గర చదువుకుని, అది వదిలేసి 1971లో ఎంబీఏ పట్టాతో బయటపడ్డారు. పదేళ్లకు డైమెన్షనల్ ఫండ్ అడ్వైజర్స్ సంస్థను స్థాపించడంలో పాలుపంచుకున్నారు. 2008లో ఆయన 30 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించాక ఆ స్కూలు పేరే బూత్ స్కూల్ అయింది. అందరూ అలా అవుతారని కాదు, పరిశోధన తనకు సరిపడదని రెండో ఏట తెలుసుకోవడం పరువు తక్కువ కాదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాము.

దరఖాస్తు చేసేముందు ఇలాంటి జాబితాలను ఎలా చదవాలి?

జాబితాలో ఉన్నవాటితో పాటు లేనివాటిని కూడా చూడాలి. గెలిచినవారి పేర్లు ప్రకటిస్తారు కానీ, ఆరో ఏట కూడా ఉద్యోగం దొరకనివారి పేర్లు ప్రకటించరు. కాబట్టి గత ఐదారేళ్లలో చేరినవారు ఎందరు, పూర్తిచేసినవారు ఎందరు, ఒక్కొక్కరూ ఎక్కడికి వెళ్లారు అని కార్యాలయాన్ని నేరుగా అడగండి. ఒకే విద్యార్థి పేరు నాలుగు చోట్ల కనిపిస్తుంటే, ఆ విద్యార్థి గొప్పవాడని తెలుస్తుంది కానీ ఆ కార్యక్రమం గురించి అంతగా తెలియదు. ఏటా వేర్వేరు పేర్లు, వేర్వేరు గైడ్‌ల దగ్గర చదివినవారివి కనిపిస్తుంటే అది మంచి సూచన. వీలైతే మూడో ఏడాది విద్యార్థులతో మాట్లాడండి, ఎందుకంటే మొదటి ఏడాది ఉత్సాహమూ చివరి ఏడాది ఆందోళనా వారిలో ఉండవు.

నేను పరిశోధక విద్యార్థిని. నా విజయాన్ని స్కూలుకు ఎలా తెలియజేయాలి?

పేపర్ పూర్తి శీర్షిక, సహ రచయితలందరి పేర్లు అచ్చులో ఉండే వరుసలోనే, జర్నల్ లేదా సంఘం పూర్తి పేరు, ప్రస్తుత దశ, ఆ నిర్ణయం అందిన తేదీ రాసి పంపండి. పురస్కారమైతే మొదటి బహుమతా, రన్నరప్పా, తుది జాబితాలో చోటా అన్నది స్పష్టంగా చెప్పండి. ఈ మూడింటినీ ఒకే మాటతో సరిపెట్టడం వల్లే తర్వాత దిద్దుబాట్లు వేయాల్సి వస్తుంది. సంపాదకుడి లేఖలోని వాక్యాలను ఉటంకించవద్దు, సమీక్షలు గోప్యమైనవి. పంపేముందు సహ రచయితలకు ఒక మాట చెప్పండి, వారి స్కూలు కూడా అదే వార్తను అదే వారంలో ప్రకటించబోతుండవచ్చు.